ముల్లంగి మడిలో నల్ల పురుగు: రంపపు ఈగను గుర్తుపట్టి, వర్గీకరించడం ఎలా

ముల్లంగి ఆకులకు బొక్కలు పడి, వాటి మీద నల్లటి పురుగులు కనిపిస్తే మన రాయలసీమలో మొదట వచ్చే మాట "లద్దె పురుగు పడింది". చెనిక్కాయలో, పత్తిలో, మిరపలో ఏళ్ల తరబడి దాన్నే చూసినవాళ్లకు అలా అనిపించడం సహజం. కానీ చలికాలంలో ముల్లంగి, ఆవ, క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకుల్ని తినే నల్ల పురుగుల్లో ఇంకో రకం ఉంది. చూడ్డానికి రెక్కల పురుగు (ఇంగ్లిషులో మాత్) పిల్లలాగే ఉంటుంది గానీ దాని చుట్టాలు వేరు. తేనెటీగ, కందిరీగ, చీమ ఏ వర్గంలో ఉన్నాయో ఇదీ ఆ వర్గంలోదే. దీన్ని రంపపు ఈగ అంటారు, ఇంగ్లిషులో సాఫ్లై. మన దేశంలో ఆవజాతి పంటల మీద పడే రంపపు ఈగల్లో ముఖ్యమైనదాని శాస్త్రీయ నామం అథాలియా లూజెన్స్ ప్రాక్సిమా. వ్యవసాయ పుస్తకాల్లో అథాలియా ప్రాక్సిమా అని కూడా కనిపిస్తుంది.

పేరు తప్పుగా చెబితే నష్టమేమిటో ముందే చెప్పాలి. బీటీ పొడి, అంటే బాసిల్లస్ థురింజియెన్సిస్ కుర్‌స్టాకీ రకం, రెక్కల పురుగుల, సీతాకోకచిలుకల పిల్లల కడుపులో పనిచేస్తుంది. రంపపు ఈగ పిల్ల మీద అది పనిచేయదు. లద్దె పురుగు కోసం తయారుచేసే ఎన్‌పీవీ అనే వైరస్ ద్రావణం లద్దె పురుగుకే జబ్బు తెస్తుంది. లింగాకర్షక బుట్టలో పెట్టే ఎర కూడా ఏ జాతి కోసం చేశారో ఆ జాతి మగ పురుగుల్నే రప్పిస్తుంది. కాబట్టి రసాయనాలు తగ్గించుకోవాలని మనస్ఫూర్తిగా అనుకున్న రైతే ఇక్కడ ఎక్కువగా దెబ్బతింటాడు. వాడింది మంచి పద్ధతే, పురుగు మాత్రం వేరు. డబ్బు పోతుంది, వారం రోజులు పోతాయి, లేత మొక్కలు పోతాయి. "బయో మందులు పనిచేయవప్పా" అనే మాట మాత్రం ఊళ్లో మిగిలిపోతుంది. నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది ఆ మాటే. పనిచేయనిది మందు కాదు, గుర్తింపు.

ఈ పద్ధతిలో కొంత భాగం మడి గట్టు మీదే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. కొంత భాగానికి ఇంట్లో ఒక సీసా, రెండు మూడు వారాల ఓపిక కావాలి. చివరి భాగం ల్యాబ్‌లో జరిగేది. రైతుకు మొదటి భాగం చాలు. బీఎస్సీ అగ్రికల్చర్, జువాలజీ పిల్లలు, పురుగుల మీద ఇష్టమున్నవాళ్లు చివరిదాకా రండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పది రెట్లు పెద్దగా చూపే లెన్స్ ఒకటి తప్పనిసరి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో పనివాళ్లు కంటికి పెట్టుకునే లెన్స్ అయినా పనికొస్తుంది. దాంతోపాటు తెల్ల కాగితాలు, బొమ్మలు వేసే సన్న కుంచె, మూతలున్న చిన్న సీసాలు, పెన్సిల్, నోట్‌బుక్ ఉంటే చాలు. ఫోన్ ఎలాగూ జేబులో ఉంటుంది.

కుంచె ఎందుకంటే ఈ పిల్ల పురుగు చర్మం చాలా పలచన. వేళ్లతో పట్టుకుంటే చిట్లి రసం కారుతుంది. దీనికి దగ్గరి చుట్టమైన అథాలియా రోసే మీద యూరప్‌లో జరిగిన పరిశోధనలు ఇందులోని కిటుకును బయటపెట్టాయి. ఆవజాతి మొక్కల ఘాటుకు మూలమైన గ్లూకోసినొలేట్లను ఆ పురుగు తన ఒంటి రసంలో దాచుకుంటుంది. చీమ గానీ కందిరీగ గానీ కొరికితే చర్మం సులువుగా తెగి ఆ రసం బయటికొస్తుంది, కొరికింది వెనక్కి తగ్గుతుంది. మొక్క తన రక్షణ కోసం తయారుచేసుకున్న ఘాటునే పురుగు తన రక్షణకు వాడుకోవడం నాకు ఎప్పుడు తలుచుకున్నా అబ్బురంగానే ఉంటుంది.

ఎప్పుడు, ఎక్కడ వెతకాలి

ఉత్తరాది ఆవ పొలాల్లో ఈ పురుగు అక్టోబరు నుంచి మార్చి దాకా తిరుగుతుంది, వేసవి అంతా మట్టిలో గూడు కట్టుకుని నిద్రపోతుంది. మన దగ్గర కూడా ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక, ఎండ తగ్గిన రోజుల్లో వెతకాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కళ్లు తెరుచుకుని ఉండండి. ఏప్రిల్ ఎండల్లో దీనికోసం తిరగడం దండగ.

అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందుకే ముల్లంగి, క్యాబేజీ లాంటివి బోరు కిందో బావి కిందో చిన్న చిన్న మడుల్లోనే ఉంటాయి, ఒకదానికొకటి దూరంగా. ఒక మడిలో పురుగు కనిపించకపోతే ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదని తీర్పు చెప్పేయకండి. నాలుగు మడులు తిరగండి. క్యాబేజీ మధ్యలో ఎర పంటగా ఆవాలు వేసిన తోట ఉంటే ముందు ఆ ఆవ సాళ్ల దగ్గరికే వెళ్లండి. డైమండ్ రెక్కల పురుగును ఆకర్షించడానికి ఇరవై ఐదు క్యాబేజీ సాళ్లకు రెండు ఆవ సాళ్లు వేయమని శాస్త్రవేత్తలు సిఫారసు చేశారు. ఆవ ఆకు రంపపు ఈగకూ ఇష్టమే, కాబట్టి రెండు పురుగులూ పక్కపక్కనే దొరికే చోటు అది. పోల్చి చూసి నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

వేళ కూడా ముఖ్యం. పిల్ల పురుగులు పొద్దున్నే, మళ్లీ మాపటేళ ఆకుల మీద తింటూ కనిపిస్తాయి. మధ్యాహ్నం ఎండకు మట్టి పెళ్లల కిందకో ఆకుల చాటుకో పోతాయి. మధ్యాహ్నం మడి చూసి "పురుగేమీ లేదు, బొక్కలు మాత్రం పడుతున్నాయి" అనుకునేవాళ్లు ఎక్కువ. రెక్కలొచ్చిన ఈగలది దీనికి తిరగబడిన లెక్క. అవి ఎండ ఉన్నప్పుడే, మొక్కల మీద నెమ్మదిగా ఎగురుతూ కనిపిస్తాయి.

మూడు నాలుగు వారాల వయసున్న లేత మొక్కలను ముందు చూడండి. తొలి దశలో ఆకు మీద చిన్న చిన్న గుండ్రటి బొక్కలు, అంచుల్లో కొరికిన గుర్తులు ఉంటాయి. పురుగులు పెరిగేకొద్దీ ఈనెలు మాత్రం మిగులుతాయి. ఉధృతి ఎక్కువైతే లేత మొక్క ఎండిపోతుంది, గింజ కోసం ఉంచిన పంటలో లేత కాయల పైతోలు కూడా గీకి తింటాయి. బొక్కలు చూసి మాత్రమే పేరు పెట్టకండి. ఆకు మీద నుంచి చటుక్కున ఎగిరి దూకే చిన్న పెంకు పురుగులు కూడా ఇలాంటి బొక్కలే పెడతాయి.

మొదటి పరీక్ష: ఆకు కింద కాగితం పట్టి తట్టండి

తెల్ల కాగితాన్ని ఆకు కింద పట్టి ఆకును వేలితో ఒకసారి తట్టండి. రంపపు ఈగ పిల్ల అయితే ఒళ్లు చుట్టుకుని కింద పడి, కదలకుండా చచ్చినట్టు పడి ఉంటుంది. డైమండ్ రెక్కల పురుగు పిల్ల అయితే గిలగిలా వెనక్కి జరిగి, సన్నటి దారం వదిలి ఆకు నుంచి వేలాడుతుంది. ఈ ఒక్క తేడాతోనే సగం అనుమానం తీరుతుంది. కానీ ప్రవర్తనను సాక్ష్యంగా వాడాలి, తీర్పుగా కాదు. లద్దె పురుగు కూడా కొన్నిసార్లు ముడుచుకుని పడిపోతుంది. అసలు తీర్పు కాళ్ల దగ్గర ఉంది.

రెండో పరీక్ష: కాళ్లు లెక్కపెట్టండి

మొత్తం పద్ధతికి వెన్నెముక ఇదే. మిగతావన్నీ మరిచిపోయినా దీన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి.

కాగితం మీద పడిన పురుగును కుంచెతో మెల్లగా పక్కకు తిప్పి, అది కదలడం మొదలుపెట్టేదాకా ఆగండి. ఇప్పుడు పక్క నుంచి లెన్స్‌తో చూడండి. తల వెనక మొదటి మూడు ఉంగరాలకు ఒక్కో జత గట్టి కాళ్లు ఉంటాయి, కణుపులు కణుపులుగా, చివర గోరుతో. ఇవి ఛాతీ కాళ్లు. ఇవి మూడు జతలు. రెక్కల పురుగు పిల్లకైనా రంపపు ఈగ పిల్లకైనా ఇంతే, కాబట్టి వీటితో తేడా తేలదు.

వాటి వెనక పొట్ట భాగం మొదలవుతుంది. పొట్టకు పది ఉంగరాలు. వాటి కింద మెత్తగా, కండ ముద్దల్లా కనిపించేవి పొట్ట కాళ్లు. వీటినే లెక్కపెట్టాలి.

రెక్కల పురుగు, సీతాకోకచిలుక పిల్లల్లో పొట్ట కాళ్లు ఎక్కువలో ఎక్కువ ఐదు జతలు. పొట్ట మొదటి రెండు ఉంగరాలు ఖాళీ. మూడు, నాలుగు, ఐదు, ఆరు ఉంగరాలకు ఒక్కో జత, ఆపైన మూడు ఉంగరాలు మళ్లీ ఖాళీ, చివరి ఉంగరానికి ఒక జత. వంగి వంగి నడిచే నామాల పురుగుల్లాంటి వాటికి ఐదు కంటే తక్కువే ఉంటాయి.

రంపపు ఈగ పిల్లల్లో సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది జతలు. మనం వెతుకుతున్న అథాలియాకు ఎనిమిది. పొట్ట మొదటి ఉంగరం ఒక్కటే ఖాళీ. రెండో ఉంగరం నుంచి ఎనిమిదో ఉంగరం దాకా వరుసగా ఏడు జతలు, తొమ్మిదో ఉంగరం ఖాళీ, చివరి ఉంగరానికి ఎనిమిదో జత.

మొత్తం లెక్క వేయడం కష్టమనిపిస్తే ఒక దగ్గరి దారి ఉంది. ఛాతీ కాళ్ల వెనక ఎన్ని ఖాళీ ఉంగరాలు దాటాక మొదటి పొట్ట కాలు వచ్చిందో చూడండి. రెండు ఖాళీ అయితే రెక్కల పురుగు పిల్ల, ఒక్కటే ఖాళీ అయితే రంపపు ఈగ పిల్ల. పురుగు నడుస్తున్నప్పుడు పక్క నుంచి ఫోన్‌లో దగ్గరగా వీడియో తీసి, ఆపి ఆపి చూస్తే ఇది లెన్స్ లేకుండా కూడా తెలుస్తుంది. పొట్ట కాళ్లు అసలే లేకుండా ఛాతీ కాళ్లు మాత్రమే ఉంటే అది పెంకు పురుగు పిల్ల అయ్యే అవకాశం ఎక్కువ. ఏ కాళ్లూ లేకపోతే మామూలు ఈగల పిల్లను అనుమానించండి.

మరీ చిన్న పురుగులతో ఈ పరీక్ష చేయకండి. గుడ్డు నుంచి వచ్చి ఒకటి రెండు రోజులే అయినవాటిలో కాళ్లు సరిగా కనబడవు. ఒక సెంటీమీటరు దాటినవాటిని ఎంచుకోండి. ఒక్క పురుగును చూసి ఆగిపోకుండా మడిలో వేర్వేరు చోట్ల నుంచి పదైనా చూడండి. ఒకే మడిలో రెండు మూడు రకాలు కలిసి ఉండడం మామూలే.

మూడో పరీక్ష: కన్ను, కొక్కేలు, చర్మం

తలను పక్క నుంచి లెన్స్‌తో చూడండి. రంపపు ఈగ పిల్లకు ఒక్కో వైపు ఒకే ఒక కన్ను, స్పష్టంగా చుక్కలా కనిపిస్తుంది. రెక్కల పురుగు పిల్లకు సాధారణంగా ఒక్కో వైపు ఆరు చిన్న కళ్లు గుంపుగా ఉంటాయి. అథాలియా తల నల్లగా ఉంటుంది కాబట్టి నల్లటి తల మీద నల్లటి కన్ను వెతకాలి. అందుకు ఎండలో ఏటవాలు వెలుతురు కావాలి.

పొట్ట కాలి అడుగున చూస్తే రెక్కల పురుగు పిల్లలో చిన్న చిన్న కొక్కేల వరుస ఉంటుంది. రంపపు ఈగ పిల్లలో ఉండదు. ఇది పది రెట్ల లెన్స్‌కు కొంచెం కష్టం, మైక్రోస్కోప్ ఉంటే సులువు.

ఇక ఒళ్లు. పెరిగిన అథాలియా పిల్ల పదహారు నుంచి పద్దెనిమిది మిల్లీమీటర్ల పొడవు, నలుపు కలిసిన ముదురు ఆకుపచ్చ రంగు, ఒంటి పొడవునా ఐదు నల్లటి చారలు. చర్మం అడ్డంగా ముడతలు ముడతలుగా ఉంటుంది, వెంట్రుకలు కనిపించవు. కొత్తగా పొదిగినవి లేత రంగులో ఉండి, పెరిగేకొద్దీ నల్లబడతాయి. అందుకే రంగును నేను ఎప్పుడూ చివరన చూడమంటాను. కాళ్లు ఒకటి చెప్పి రంగు ఇంకొకటి చెబితే కాళ్ల మాటే నమ్మండి.

పొరబడేది వేటితో

లద్దె పురుగు పూర్తిగా పెరిగితే అథాలియాకు రెట్టింపు పొడవుంటుంది. ఆడ పురుగు గుడ్లను కుప్పగా పెట్టి గోధుమ రంగు నూగుతో కప్పుతుంది. పిల్లలు మొదట గుంపుగా ఒకే ఆకును గీకి తింటాయి. రంపపు ఈగ అలా కుప్పలు పెట్టదు. ఆకు అంచున కణజాలంలో చిన్న గాటు పెట్టి, ఒక్కో గాటులో ఒక్కో గుడ్డు దాస్తుంది. ఆకును వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే అంచులో ఉబ్బిన చుక్కల్లా కనిపిస్తాయి.

డైమండ్ రెక్కల పురుగు పిల్ల లేత ఆకుపచ్చగా, రెండు చివరలా సన్నగా, సెంటీమీటరు లోపే ఉంటుంది. మొక్క మొవ్వులోకి దూరి గూడు అల్లుకున్న పురుగైతే తల తొలిచే పురుగును చూస్తున్నారని అర్థం. శనగపచ్చ పురుగు గురించి మన రైతులకు కొత్తగా చెప్పాల్సింది లేదు. వీటన్నిటికీ పొట్ట కాళ్లు ఐదు జతలే.

నాలుగో మెట్టు: పెంచి చూడడం

కాళ్లు లెక్కపెట్టడంతో "ఇది రంపపు ఈగ" అని తేలింది. ఆవజాతి పంట మీద ఉంది, ఎనిమిది జతల పొట్ట కాళ్లున్నాయి, ఒళ్లు నల్లగా ముడతలతో ఉంది అంటే అథాలియా అని గట్టిగా అనుకోవచ్చు. కానీ జాతి దాకా వెళ్లాలంటే రెక్కలొచ్చిన ఈగ కావాలి. రంపపు ఈగల జాతుల వివరణల్లో ఎక్కువ భాగం పెద్ద ఈగల మీద ఆధారపడి రాసినవే.

వెడల్పు మూతి గాజు సీసా తీసుకుని, అడుగున ఐదు సెంటీమీటర్ల ఎత్తున జల్లెడ పట్టిన మట్టి పోయండి. ఎర్రనేల మట్టి అయితే కొంచెం ఇసుక కలపండి. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి మట్టిని వాడకపోవడమే మంచిది, ఆరితే గట్టిపడి పగుళ్లిస్తుంది. మట్టి చేతికి చల్లగా తగలాలి, పిసికితే నీళ్లు రాకూడదు. పది పురుగులకు మించి వేయకండి. ఏ మొక్క మీద దొరికాయో ఆ మొక్క ఆకునే వేసి, రోజూ పాతది తీసి కొత్తది పెట్టండి. మూతికి పలచటి గుడ్డ కట్టి నీడలో ఉంచండి. మందు కొట్టిన మడి ఆకు పొరపాటున కూడా పెట్టకండి.

పిల్ల దశ వాతావరణాన్ని బట్టి పదహారు నుంచి ముప్పై ఐదు రోజుల దాకా ఉంటుంది. తిండి మానేసి మట్టి మీద అటూ ఇటూ తిరుగుతుంటే గూడు కట్టే సమయం వచ్చిందన్నమాట. అది మట్టిలోకి దిగి, తడి చొరబడని కోలాకారపు గూడు కట్టుకుంటుంది. ఆ తర్వాత సీసాను కదపకండి, తవ్వి చూడకండి. రోజు మార్చి రోజు రెండు చుక్కల నీళ్లు చాలు. సుమారు పదకొండు రోజుల్లో ఈగ బయటికి రావాలి. ఫిబ్రవరి చివర పట్టిన పురుగులైతే ఎండాకాలపు నిద్రలోకి వెళ్లి నెలల తరబడి రాకపోవచ్చు, సీసా పారేయకండి.

ఒక్కోసారి గూడు నుంచి రంపపు ఈగ బదులు సన్న నడుముతో, పొడవాటి మీసాలతో వేరే కీటకం వస్తుంది. అది పిల్ల పురుగు ఒంట్లో పెరిగిన పరాన్నజీవి. ఈ ఆవ రంపపు ఈగ మీద బతికే పరాన్నజీవుల్లో పెరిలిస్సస్ సింగ్యులేటర్ అనేది పేరున్నది. పొరపాటున దాన్నే రంపపు ఈగ అనుకుని పేరు రాస్తే మొత్తం రికార్డు తప్పవుతుంది. అలాగని పారేయనూ వద్దు, విడి సీసాలో పెట్టి తేదీ రాయండి. రైతుకు అది మిత్రుడు.

ఐదో మెట్టు: రెక్కలొచ్చిన ఈగను చూడడం

సీసాను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే ఈగ మందగిస్తుంది, అప్పుడు ఫొటోలు తీయండి. పై నుంచి, పక్క నుంచి, తల ముందు నుంచి, రెక్క విప్పి. రంగులు బతికి ఉన్నప్పుడు ఉన్నట్టుగా తర్వాత ఉండవు.

మొదట రెక్కలు. నాలుగు ఉండాలి. ఇంట్లో తిరిగే ఈగకు రెండే. తర్వాత నడుము. కందిరీగకు, చీమకు, పరాన్నజీవి కందిరీగలకు ఛాతీకి పొట్టకు మధ్య సన్నటి నడుము ఉంటుంది. రంపపు ఈగకు నడుము ఉండదు, ఛాతీ వెడల్పుగానే పొట్టలో కలుస్తుంది. ఛాతీ వెనక భాగంలో, రెక్కలు మడిచినప్పుడు ఆనుకునే చోట, పాలిపోయిన రెండు చిన్న దిండ్లు కనిపిస్తాయి. వీటిని సెంక్రై అంటారు. రంపపు ఈగల్లో ఉండే ఈ గుర్తు కందిరీగల్లో, తేనెటీగల్లో ఉండదు. ఆడ ఈగ పొట్ట చివర కింద, తొడుగులో దాగి, పళ్లున్న గుడ్లు పెట్టే సాధనం ఉంటుంది. ఆకు అంచును కోసేది దాంతోనే. ఇది కుట్టదు, భయపడకుండా పట్టుకోవచ్చు.

తర్వాత మీసాలు. కుటుంబాన్ని తేల్చేవి ఇవే. ఆర్జిడే కుటుంబంలో మీసానికి మూడే కణుపులు, మూడోది చాలా పొడుగు. గులాబీ మీద కనిపించే రంపపు ఈగలు ఎక్కువగా ఈ కుటుంబంవే. టెంథ్రెడినిడే కుటుంబంలో చాలావాటికి తొమ్మిది కణుపులు. అథాలియాకు పది లేదా అంతకంటే ఎక్కువ, చివరికి వచ్చేసరికి కొద్దిగా లావవుతాయి. కణుపులు లెక్కపెట్టేటప్పుడు మొదటి రెండు చిన్నవి కాబట్టి వాటిని వదిలేయకుండా చూసుకోండి. మీసం చివర బలంగా గుండులా ఉబ్బిన సింబిసిడేలు, పైన్ లాంటి సూది ఆకుల చెట్ల మీద బతికే డిప్రియోనిడేలు మన రాయలసీమ కూరగాయల మడుల్లో ఎదురయ్యేవి కావు.

చివరగా రంగు. ఒళ్లు నారింజ పసుపు, తల నలుపు, ఛాతీ మీద నలుపు మచ్చలు, రెక్కలు పొగచూరినట్టు మసకగా ఉండి వాటి ఈనెలు నల్లగా ఉంటాయి. పొడవు ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ.

పెంపకంలో ఇంకో సంగతి కూడా చూడవచ్చు. మగ ఈగతో కలవని ఆడ ఈగ గుడ్లు పెడితే ఆ గుడ్ల నుంచి మగవే వస్తాయి. తేనెటీగల్లో ఎలాగో ఇక్కడా అలాగే. కాలేజీ పిల్లలు ప్రాజెక్టుగా చేసి చూడదగిన ప్రయోగం ఇది.

ఆరో మెట్టు: వర్గీకరణలో చోటు

ఇప్పటిదాకా చూసిన ప్రతి గుర్తూ వర్గీకరణలో ఒక్కో మెట్టు దింపుతుంది. నాలుగు పొర రెక్కలు, ముందు రెక్క వెనక రెక్క కొక్కేలతో కలిసి ఉండడం చూస్తే క్రమం హైమెనాప్టెరా. నడుము లేకపోవడం, సెంక్రై ఉండడం చూస్తే సింఫైటా గుంపు. ప్రపంచం మొత్తం మీద ఈ గుంపులో 8,000కు పైగా జాతులున్నాయి, ఎక్కువ భాగం చల్లటి దేశాల్లోవి. మన దేశంలో కూడా హిమాలయాల వైపే ఎక్కువ, వేడి మైదానాల్లో తక్కువ. రాయలసీమలో దొరికిన ప్రతి నమూనాకూ విలువ ఉన్నది అందుకే.

అక్కడి నుంచి మీసాలను బట్టి టెంథ్రెడినిడే. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇటీవల కొందరు శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ ఆధారాలతో అథాలియాను, దాని చుట్టాలను విడదీసి అథాలిడే అనే వేరే కుటుంబంగా పెడుతున్నారు. పాత పుస్తకంలో ఒకటి, కొత్త వ్యాసంలో ఇంకొకటి కనిపిస్తే టెన్షన్ పడకండి, రెండూ ఒకే పురుగు గురించే. ప్రజాతి అథాలియా, దీనికి ఈ పేరు పెట్టింది లీచ్, 1817లో. ఆ కింద జాతి లూజెన్స్, ఉపజాతి ప్రాక్సిమా. పేరు చివర కుండలీకరణాల్లో క్లూగ్, 1815 అని కనిపిస్తుంది. క్లూగ్ దీన్ని మొదట వర్ణించినప్పుడు వేరే ప్రజాతిలో పెట్టాడు, తర్వాత ఇందులోకి మారింది. అలా మారిన పేర్లకే రచయిత పేరు కుండలీకరణాల్లో వేస్తారు.

జాతిని ఖాయం చేయాలంటే రంగు సరిపోదు. ఆడ ఈగ పొట్ట చివరను పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి, గుడ్లు పెట్టే సాధనాన్ని విడదీసి, స్లైడ్ మీద దాని పళ్ల ఆకారం, వరుస చూడాలి. మగదైతే జననాంగాలు చూడాలి. లేదంటే డీఎన్‌ఏ పరీక్షలో, జాతుల్ని గుర్తుపట్టడానికి వాడే సీఓఐ జన్యువులోని 658 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) బార్‌కోడ్ భాగాన్ని చదివించాలి. ఇది ల్యాబ్ పని. అక్కడిదాకా వెళ్లకపోతే నోట్‌బుక్‌లో "అథాలియా ప్రజాతి, జాతి తేలలేదు" అని రాసుకోవడం సరైన పద్ధతి. ఊహించి రాసిన పూర్తి పేరు కంటే ఆగిన చోట ఆగిన పేరే తర్వాతివాళ్లకు ఉపయోగం.

మడిలో వెంటనే చేయాల్సింది

రంపపు ఈగ అని కాళ్ల లెక్కలో తేలగానే రైతు పని మొదలుపెట్టవచ్చు, జాతి పేరు కోసం ఆగక్కర్లేదు. చిన్న మడులైతే పొద్దున్నే, మాపటేళ పురుగుల్ని కాగితం మీదకో చేటలోకో దులిపి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయండి. తాకగానే పడిపోయే అలవాటు ఇక్కడ మనకే లాభం. లేత మొక్కల దశలో ఒక తడి బాగా పెడితే మట్టిలో దాగిన పురుగులు చాలావరకు మునిగి చస్తాయి. ఐదు శాతం వేప గింజల కషాయం తినకుండా అడ్డుకుంటుంది. పంట అయిపోయాక వేసవిలో లోతుగా దున్నితే గూళ్లు ఎండకు బయటపడతాయి. రసాయన మందు తప్పనిసరి అనిపిస్తే రైతు సేవా కేంద్రంలో పురుగును చూపించి అడగండి, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో కూడా అక్కడే అడగండి. ముల్లంగి ఆకును మనం కూర వండుకుంటాం, ఆ గడువు చిన్న విషయం కాదు.

నమూనా దాచడం, పంపడం

పిల్ల పురుగుల్ని బతికుండగానే ఆల్కహాల్‌లో వేస్తే నల్లబడి ముడుచుకుపోతాయి. ముందు బాగా మరిగి దించిన నీళ్లలో ఒక నిమిషం ఉంచి, తర్వాత ఎనభై శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. డీఎన్‌ఏ కోసం అయితే వేడి నీళ్లు వద్దు, నేరుగా 95 శాతం పైన ఉన్న ఆల్కహాల్‌లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పెద్ద ఈగల్ని రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, ఛాతీ మధ్యకు కొంచెం కుడి పక్కగా కీటకాల సూది గుచ్చి ఆరబెట్టండి. ఆడ, మగ రెండూ ఉంటే రెండూ దాచండి.

మొదట దగ్గరున్న చోటే చూపించండి. అనంతపురం వాళ్లకు రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం, కడప వాళ్లకు ఊటుకూరు, కర్నూలు వాళ్లకు బనవాసి, నంద్యాలలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నాయి. జాతి దాకా తేల్చాలంటే బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో మనకు దగ్గర. పటియాలాలోని పంజాబీ యూనివర్సిటీలో భారతీయ రంపపు ఈగల మీద దశాబ్దాల పాటు పని జరిగింది. ఎక్కడికి పంపాలన్నా ముందు రాసి, వాళ్లు ఎలా పంపమంటే అలా పంపండి. ఆల్కహాల్ మండే పదార్థం, పోస్టులో వేయకూడదు, చేత్తో తీసుకెళ్లాలి.

చీటీని పెన్సిల్‌తో రాయండి, పెన్ను ఇంకు ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఊరు, మండలం, జిల్లా, ఫోన్‌లోని అక్షాంశ రేఖాంశాలు, తేదీ, ఏ మొక్క మీద దొరికింది, ఎవరు పట్టారు, పొలంలో పట్టిన ఈగా లేక పెంచితే వచ్చినదా, పెంచితే బయటికొచ్చిన తేదీ. 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి పాత రికార్డులో "కర్నూలు" అని ఉన్నది ఇప్పుడు నంద్యాల జిల్లా కావచ్చు, "అనంతపురం" అని ఉన్నది శ్రీ సత్యసాయి జిల్లా కావచ్చు. అందుకే జిల్లా పేరుతో సరిపెట్టకుండా మండలం, ఊరు తప్పక రాయాలి. చీటీ సీసా బయట అంటించడం కాదు, లోపల నమూనాతో పాటే ఉండాలి.